రేడియో అన్నయ్య: మైకు ముందు మర్యాద

గుజరాత్‌లో ఎవరినీ ఒట్టి పేరుతో పిలవరు. పేరు చివర భాయ్ అనో, బెన్ అనో తప్పకుండా చేరుస్తారు. సచిన్ స్టేషన్ బయట ఆటో నడిపే ఆయన భాయ్. సంతలో మెంతికూర అమ్మే ఆవిడ బెన్. బ్యాంకులో పెద్ద కుర్చీలో కూర్చునే ఆయనా భాయే. గుజరాతీ బడుల్లో అయితే టీచరమ్మ కూడా బెనే. బదిలీ మీద కొత్తగా వచ్చిన ఇంట్లో మొదటి వారం ఇది వింతగా ఉంటుంది. రెండో వారానికి మన నోటికీ వచ్చేస్తుంది. నెల తిరిగేసరికి హైదరాబాద్‌లో ఉన్న మామయ్యని ఫోన్‌లో భాయ్ అని పిలిచి నవ్వులపాలైన వాళ్లు మన బడిలోనే ఉన్నారు. పేర్లు చెప్పం.

తెలుగు పేజీలకి ఎవరి జీవితం రాయాలా అని కూర్చున్నప్పుడు మాకు ఈ భాయ్, బెన్‌లే దారి చూపించారు. ఎందుకంటే మన తెలుగువాళ్లకి కూడా ఒక అన్నయ్య, ఒక అక్కయ్య ఉండేవారు. వాళ్లు రేడియోలో ఉండేవారు. ఆంధ్రదేశంలో రేడియో ఉన్న ప్రతి ఇంటి పిల్లలకీ ఆయన అన్నయ్యే, ఆవిడ అక్కయ్యే. ఆయన అసలు పేరు న్యాయపతి రాఘవరావు. ఆవిడ ఆయన భార్య, న్యాయపతి కామేశ్వరి.

ఇక్కడ మనలో తెలివైన వాళ్లు ఒక ప్రశ్న వేస్తారు. అన్నయ్య భార్య వదిన కావాలి కదా, అక్కయ్య ఎలా అయింది? వరస ప్రకారం చూస్తే ఇది కుదరదు. కానీ రేడియోలో కుదిరింది. ఆవిడ ఆయన ద్వారా పిల్లలకి చుట్టం కాలేదు, నేరుగా తనే చుట్టం అయింది. అందుకే ఆయన రేడియో అన్నయ్య, ఆవిడ రేడియో అక్కయ్య. తెలుగు ఇళ్లలో దీన్ని ఎవరూ తప్పు పట్టలేదు. వరసల విషయంలో మన బామ్మలు ఎంత పట్టుదలగా ఉంటారో తెలిసినవాళ్లకి ఇది చిన్న విషయం కాదని అర్థమవుతుంది.

రాఘవరావు గారు 1905లో బరంపురంలో పుట్టారు. ఆ ఊరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు బరంపురం అటు వెళ్లింది. ఊరు ఉన్నచోటనే ఉంది, రాష్ట్రం మారిపోయింది. మనం బదిలీ అయితే మూటాముల్లె సర్దుకుని మనం కదులుతాం. ఇక్కడ మనుషులు కదలకుండానే చుట్టూ ఉన్న ఆఫీసు భాష, బడి భాష మారాయి. బరంపురంలో ఇప్పటికీ తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. అలాంటి ఊరి నుంచి వచ్చిన మనిషి తెలుగు పిల్లలందరినీ ఒక్క గొంతుతో కలపడం మాకు బాగా నచ్చింది.

మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం 1938 జూన్ 16న మొదలైంది. అప్పటికి ఆంధ్రదేశంలో ఆలిండియా రేడియోకి వేరే కేంద్రం లేదు. విజయవాడ కేంద్రం వచ్చింది 1948 డిసెంబరులో. హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో ఉండేది, అది 1950లో ఆలిండియా రేడియోలో కలిసింది. కాబట్టి ఆ తొలి పదేళ్లు గుంటూరు పిల్లలయినా, నెల్లూరు పిల్లలయినా తెలుగు కార్యక్రమం వినాలంటే మద్రాసు వైపే చెవి పెట్టాలి. మద్రాసు కేంద్రంలో తమిళం, తెలుగు రెండూ ఒకే రోజులో పంచుకోవాలి. మనకి వచ్చేది కొద్ది సమయం. అందులో పిల్లలకి వచ్చేది ఇంకా కొద్ది. ఆ కొద్ది సమయంలోనే అన్నయ్య, అక్కయ్య బాలానందం నడిపారు. కథలు, పాటలు, చిన్న చిన్న నాటికలు, పొడుపు కథలు. చెప్పేది పెద్దవాళ్లే అయినా, పాడేదీ ఆడేదీ ఎక్కువగా పిల్లలే.

అప్పటి రేడియో గురించి కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతులు అర్థం కావు. అది జేబులో పట్టేది కాదు. పెద్ద చెక్కపెట్టె. లోపల వాల్వులుండేవి, మీట తిప్పాక అవి వేడెక్కేదాకా గొంతు వచ్చేది కాదు. దానికి ఏడాదికోసారి పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టాలి. సైకిలుకి బిళ్ల కట్టించినట్టే. అందుకే వీధికి ఒకటో రెండో ఇళ్లలో మాత్రమే రేడియో ఉండేది. మిగతా పిల్లలు ఆ ఇంటి అరుగు మీదకి చేరేవారు. పగలు మీడియం వేవ్ తరంగాలు నేలను అంటుకుని కొంత దూరమే పోతాయి. చీకటి పడ్డాక పైన వాతావరణంలో వాటిని మింగేసే ఒక పొర మాయమవుతుంది, అప్పుడు అవి పై పొరకి తగిలి వెనక్కి వంగి చాలా దూరం పోతాయి. అందుకే దూరపు ఊళ్లలో పగటి ప్రసారం గరగరలాడుతూ వచ్చేది. ఆ గరగరలోంచి ఒక గొంతు తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ పలకరించేది.

ఇప్పుడు స్టూడియోలోకి వెళదాం.

గోడలకి మెత్తటి పలకలు, నేల మీద తివాచీ, ఒకదాని వెనక ఒకటి రెండు బరువైన తలుపులు. మధ్యలో మైకు. ఒక పక్క గోడకి పెద్ద అద్దం, దాని వెనక ఇంజనీరు. ఎర్రదీపం వెలిగిందంటే ఆ గదిలో ఏ చప్పుడైనా వందల ఊళ్లకి పోతుంది. ముందే రికార్డు చేసి, తప్పులు కత్తిరించి, తర్వాత వినిపించడం అనేది అప్పట్లో దాదాపు లేదు. టేపు రికార్డర్లు మన కేంద్రాల్లో మామూలు వాడుకలోకి వచ్చింది 1950లలో. అంతకుముందు జరిగినది జరిగినట్టే వెళ్లిపోయేది. స్టూడియోలో ఒక పిల్లాడు తుమ్మితే అదే క్షణంలో నెల్లూరులో వినబడేది. నెల్లూరులో రేడియో ముందు కూర్చున్న అమ్మ చిరంజీవ అనేది కూడానేమో.

పెద్దవాళ్లతో చేసే కార్యక్రమంలోనే ఎన్నో అవాంతరాలు. కాగితం తిప్పితే మైకులో అది ఎండుటాకుల మీద నడిచినట్టు వినిపిస్తుంది. అందుకే చదివేవాళ్లు కాగితాలకి పిన్ను తీసేసి, చదివిన కాగితాన్ని తిప్పకుండా మెల్లగా పక్కకి జరుపుతారు. పిన్ను తీసిన కాగితాలు ఒకసారి కింద పడ్డాయంటే వరస తప్పుతుంది, అదింకో బాధ. కుర్చీ కిర్రుమంటుంది. గంజి పెట్టిన చొక్కా గరగరలాడుతుంది. ప, ఫ, భ లాంటి అక్షరాలు పలికితే నోటి గాలి తగిలి మైకు టప్‌మంటుంది, కాబట్టి కొంచెం పక్కకి తిరిగి పలకాలి. గ్రామఫోను రికార్డు ఒకవైపు మోగేది మూడు నిమిషాల చిల్లర. ఆ లోపల ముల్లు ఒకే గాడిలో ఇరుక్కుంటే పాడే ఆయన ఒకే ముక్క పదిసార్లు పాడతాడు. వీటన్నిటికంటే భయం నిశ్శబ్దం. పది సెకన్లు ఏమీ వినబడకపోతే ఇంట్లో వాళ్లు రేడియో చెడిపోయిందనుకుని లేచి దాని నెత్తిన ఒకటి వేస్తారు. అందుకే కేంద్రాల్లో ఏ వీణో, ఏ వేణువో రికార్డు సిద్ధంగా పెట్టుకుంటారు. ఏ నిమిషంలో ఎన్ని సెకన్లు ప్రసారం ఆగిందో, ఎందుకు ఆగిందో డ్యూటీ ఆఫీసరు పుస్తకంలో రాయాలి. మన క్లాసులో లీడర్ రాసే పేర్ల జాబితా లాంటిదే, కానీ తుడిచేయడానికి వీల్లేదు.

ఇదంతా పెద్దవాళ్ల సంగతి. ఇప్పుడు అదే గదిలో ఇరవై మంది పిల్లల్ని ఊహించుకోండి.

ఆడపిల్లల చేతికి గాజులుంటాయి, కాళ్లకి పట్టీలుంటాయి. అవి మైకుకి చాలా ఇష్టం. పొట్టిపిల్లాడికి మైకు అందదు, బల్ల మీద నిలబెట్టాలి. బల్ల ఊగుతుంది. చెప్పమన్న పద్యం ఇంట్లో గడగడా చెప్పినవాడు ఎర్రదీపం చూడగానే మొదటి పాదం దగ్గర ఆగిపోతాడు. ఇంకొకడు సరిగ్గా చెప్పి, చెప్పేశానన్న సంతోషంలో మైకులోనే ఇంక వెళ్లొచ్చా అని అడుగుతాడు. బృందగానంలో ఒక గొంతు ఎప్పుడూ మిగతావాళ్లకంటే అర మాత్ర ముందుంటుంది. రెండు తలుపులు మూసేశాక సరిగ్గా అప్పుడే ఎవరికో ఒకటికి వస్తుంది. అన్నిటికంటే తమాషా ఏమిటంటే, నువ్వు మూడో తరగతా అని అడిగితే చిన్నపిల్లలు నోటితో జవాబు చెప్పరు. తల ఊపుతారు. ఆ తల ఊపు రేడియోలో ఎవరికి కనిపిస్తుంది?

ఇలాంటి చోటే మర్యాద అన్నది అలంకారం కాకుండా పనిముట్టు అవుతుంది. తల ఊపిన పిల్లాడిని గట్టిగా చెప్పమని కసిరితే ఏడుస్తాడు. ఆ ఏడుపు కూడా నెల్లూరు దాకా పోతుంది. అలా కాకుండా, మూడో తరగతేనట అని వినేవాళ్లకి తనే నవ్వుతూ చెప్పేస్తే ఆ పిల్లాడికి ధైర్యం వస్తుంది, తర్వాతి ప్రశ్నకి గొంతు పెగులుతుంది. పద్యం మధ్యలో ఆగినవాడికి తర్వాతి మాట మెల్లగా అందించి, తనూ కూడా కలిసి రెండు మాటలు చెప్పి, మళ్లీ వాడికే వదిలేయాలి. మొత్తం తనే చెప్పేస్తే ఆ పిల్లాడు ఓడిపోయినట్టు. చెప్పకుండా ఊరుకుంటే కార్యక్రమం ఓడిపోయినట్టు. ఈ రెండింటికీ మధ్య ఉన్న సన్నటి దారిలో పిల్లల కార్యక్రమం నడిపేవాళ్లు వారం వారం నడవాలి.

మా అభిప్రాయం ఏమిటంటే, అన్నయ్య అనే పేరు పెట్టుకోవడంలోనే ఆయన ఈ సమస్య సగం తీర్చుకున్నారు. మాస్టారు అని పెట్టుకుంటే తప్పు దిద్దాల్సి వస్తుంది. తాతయ్య అని పెట్టుకుంటే సుద్దులు చెప్పాల్సి వస్తుంది. అన్నయ్య అంటే ఆటలో కలిసేవాడు, కానీ పడిపోతే లేవనెత్తే వయసున్నవాడు. అన్నయ్య ముందు తడబడితే పరువు పోదు. వినేవాళ్లకి కూడా అది ఒక ఇంట్లో జరిగిన సంగతిలా అనిపిస్తుంది తప్ప, కార్యక్రమం చెడిపోయినట్టు అనిపించదు. ఆ రోజుల్లో రేడియోలో వార్తలూ, ప్రసంగాలూ ఎక్కువగా పుస్తకాల భాషలో సాగేవి. అందరూ కాస్త బిగుసుకుని మాట్లాడేవారు. వాటి మధ్య ఇంటి వరసతో పిలిచే గొంతు వినిపిస్తే అరుగు మీద పిల్లలు ఎంత దగ్గరికి జరిగి ఉంటారో చెప్పక్కర్లేదు.

ఇంకో మర్యాద సమయానికి సంబంధించినది. మద్రాసులో తెలుగు సమయం అయిపోగానే తమిళ సమయం రావచ్చు. మనం రెండు నిమిషాలు ఎక్కువ తీసుకుంటే అవి ఇంకొకరి పిల్లల నుంచి తీసుకున్నట్టు. కథ ఎంత బాగా సాగుతున్నా గడియారం ముల్లు చూసి ముగించాలి. అలాగని పులి నోరు తెరిచిన చోట ఆపేస్తే పిల్లలు ఊరుకోరు. అద్దం వెనక ఇంజనీరు వేలు గుండ్రంగా తిప్పితే తొందరగా కానివ్వమని. రెండు చేతులూ దగ్గర నుంచి దూరంగా లాగితే ఇంకా సమయం ఉంది, సాగదీయమని. ఈ సైగలు చూస్తూ, గొంతులో ఆ తొందర తెలియనివ్వకుండా, అడవిని కాస్త చిన్నది చేసి పులిని త్వరగా ఇంటికి పంపాలి. మన అసెంబ్లీలో ఒకరు ఆలోచన చదువుతారు, ఒకరు వార్తలు చదువుతారు, ఒకరు ప్రత్యేక అంశం చెబుతారు. మొదటివాళ్లు ఎక్కువ తీసుకుంటే చివరివాళ్లకి గంట మోగుతుంది. ఆ చివర నిలబడేవాళ్లకి ఈ మర్యాద విలువ బాగా తెలుసు. అసెంబ్లీ మైకు కీచుమని అరవడం గురించి కూడా ఒక మాట. స్పీకరులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులో దూరి, మళ్లీ స్పీకరుకి వెళ్లి, అలా తిరుగుతూ పెరగడం వల్ల ఆ కీచు వస్తుంది. రేడియో స్టూడియోలో మైకు తెరిచి ఉన్నప్పుడు ఆ గదిలో స్పీకరు మోగకుండా చేస్తారు, అందుకని వాళ్లకి ఆ ఒక్క బాధ తక్కువ.

మైకు తెరిచి ఉందని మరిచిపోవడం ఈ ఉద్యోగంలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం. అమెరికాలో న్యూయార్క్ నగరంలో అంకుల్ డాన్ అనే పేరుతో పిల్లల కార్యక్రమం నడిపిన ఒకాయన ఉండేవారు. 1928 నుంచి 1947 దాకా ఆ కార్యక్రమం నడిచింది. ఒక రోజు కార్యక్రమం అయిపోయిందనుకుని, మైకు ఇంకా తెరిచి ఉండగా పిల్లల గురించి చెడ్డ మాట అన్నారని ఊరంతా చెప్పుకున్నారు. అలా జరిగిందనడానికి ఆధారం ఎవరూ చూపించలేదు. అయినా ఆయన చనిపోయి ఇన్నేళ్లయినా ఆ పుకారు ఆయన పేరును వదల్లేదు. పిల్లలతో మైకులో తియ్యగా మాట్లాడేవాళ్లు మైకు కట్టేశాక ఎలా ఉంటారో అని జనానికి ఎప్పుడూ అనుమానమే. ఇంగ్లండులో బీబీసీ వాళ్లు కూడా పిల్లల కార్యక్రమంలో అంకుల్ అనీ ఆంటీ అనీ వరసలు పెట్టుకున్నారు, అందులో డెరెక్ మెకల్లక్ అనే ఆయన అంకుల్ మాక్‌గా ఎంతో పేరు తెచ్చుకున్నారు. వాళ్లు బాబాయిలు, పిన్నులు అయితే మనవాళ్లు అన్నయ్య, అక్కయ్య అయ్యారు. ఒక తరం దగ్గరికి జరిగారన్నమాట.

మన అన్నయ్య, అక్కయ్యల విషయంలో మైకు కట్టేశాక ఏం జరిగిందో లోకానికి తెలుసు. వాళ్లు రేడియో గది దాటి బయటికి వచ్చి కూడా అదే పని చేశారు. పిల్లలతో బాలానంద సంఘం పెట్టారు. ఊరూరా పిల్లల్ని కూడగట్టి ఆటలు, పాటలు, నాటికలు నేర్పించారు. 1945లో మద్రాసు నుంచి 'బాల' అనే పిల్లల పత్రిక మొదలుపెట్టారు. రేడియో మాట గాలిలో కలిసిపోతుంది, రేడియో లేని ఇంటికి అసలే చేరదు. పత్రిక అయితే పోస్టులో వెళుతుంది, చేతులు మారుతుంది.

ఆ 'బాల'లో పిల్లలు రాసినవి అచ్చయ్యాయి. పద్నాలుగేళ్ల కుర్రాడొకడు తన మొదటి కథ పంపితే 1945లోనే వేశారు. ఆ కుర్రాడే ముళ్లపూడి వెంకటరమణ. తర్వాత బుడుగుని సృష్టించింది ఆయనే. బొమ్మలు వేసే ఇంకో కుర్రాడి బొమ్మలు కూడా ఆ పత్రికలో వచ్చాయి. ఆయన బాపు. బాపు, రమణల పేర్లు విడదీసి చెప్పడం తెలుగువాళ్లకి ఇప్పటికీ అలవాటు లేదు. వాళ్లిద్దరూ నిక్కర్ల వయసులో ఉన్నప్పుడు వాళ్ల పనిని పెద్దవాళ్ల పనితో సమానంగా చూసి అచ్చు వేసిన పత్రిక అది. పిల్లల రాతలో తప్పులుంటాయి. వాటిని దిద్దాలి, కానీ రాసిన పిల్లాడు అచ్చులో చూసుకుని ఇది నాది కాదు అనుకోకూడదు. మైకు ముందు మాట అందించి వదిలేయడం లాంటిదే ఇదీ. ఈ పేజీలకి మాకు వచ్చిన కవితలు చూస్తున్నప్పుడు ఆ సంగతి మాకు చాలాసార్లు గుర్తొచ్చింది.

పేర్ల విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే మనలాంటి పిల్లలకి అది రోజూ ఎదురయ్యేదే. గుజరాత్‌లో ఫారం నింపితే ముందు ఇంటిపేరు, తర్వాత మన పేరు, ఆ తర్వాత నాన్న పేరు. మనకి ఇంటిపేరు ముందు ఉన్నా, నాన్న పేరు చేర్చే అలవాటు లేదు. తమిళనాడులో అయితే నాన్న పేరులో మొదటి అక్షరమే ఇంటిపేరు పని చేస్తుంది. బదిలీ అయిన ప్రతిసారీ హాజరు పట్టీలో మన పేరు ఒక కొత్త వేషం వేస్తుంది. కొత్త క్లాసులో మొదటిరోజు మన పేరు సరిగ్గా పలికిన టీచరు మనకి ఏడాదంతా ఇష్టమవుతారు. మైకు ముందు కూర్చునేవాళ్లకి ఇది మొదటి పాఠం. ఎవరి పేరైనా చదివే ముందు అది ఎలా పలకాలో కనుక్కోవాలి, ఒత్తులు మింగకూడదు. ఏదైనా మాట తప్పు పలికితే ఒక్కసారి మన్నించమని, సరిగ్గా పలికి ముందుకు పోవాలి. ఎందుకు తప్పిందో వివరించకూడదు, నవ్వకూడదు. బాలానందంలో ఒక పిల్ల పేరు రేడియోలో వినబడిందంటే ఆ పిల్ల వాళ్ల వీధిలో మహారాణి అయినట్టే. ఆ పేరు తప్పు వినబడితే ఆ వారమంతా వీధిలో ఆ తప్పు పేరుతోనే ఏడిపిస్తారు.

రేడియో గొంతు ఇల్లు వదిలి వచ్చినవాళ్లకి ఎంత అవసరమో చెప్పడానికి మన దగ్గరి మనిషి ఒకరు ఉన్నారు. నవసారి దాటి సముద్రం వైపు వెళ్తే దండి వస్తుంది. ఆ దండికి నడిచి వచ్చిన గాంధీజీ తన జీవితంలో ఒకే ఒక్కసారి రేడియో స్టూడియోకి వెళ్లారు. 1947 నవంబరు 12, దీపావళి రోజు. దేశ విభజన వల్ల ఇళ్లు పోగొట్టుకుని కురుక్షేత్ర శిబిరంలో ఉన్నవాళ్ల దగ్గరికి ఆ రోజు వెళ్లలేకపోయారు. అందుకని ఢిల్లీ రేడియో కేంద్రం నుంచి వాళ్లతో మాట్లాడారు. కనబడని మనుషులతో మాట్లాడటం ఆయనకి అలవాటు లేదు. అయినా సోదరుల్లారా, సోదరీమణుల్లారా అనే వరసతోనే మొదలుపెట్టారు. ఇప్పుడు నవంబరు 12ని మన దేశంలో ప్రజా ప్రసార దినంగా జరుపుకుంటున్నారు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాద్ రాజధాని అయింది. అన్నయ్య, అక్కయ్య కూడా మద్రాసు వదిలి హైదరాబాద్ వచ్చారు. అప్పటికి ఆయనకి యాభై దాటాయి. ఇన్నేళ్లు అలవాటైన ఊరు, స్టూడియో, ఎదిగిన పిల్లలు అన్నీ అక్కడే ఉండిపోయాయి. ఇక్కడ పిల్లల మాట వేరు. మద్రాసులో తమిళం కలిసిన తెలుగు ఉంటే, హైదరాబాద్‌లో ఉర్దూ కలిసిన తెలుగు, తెలంగాణ యాస. కొత్త ఊరి పిల్లల్ని కొత్తగా పోగు చేసుకోవాలి. అలవాటైన వాళ్లని వదిలి కొత్త క్లాసులో చివరి బెంచీ మీద కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఇది ఎంత కష్టమో తెలుసు. వాళ్లు హైదరాబాద్ కేంద్రంలో బాలానందం మళ్లీ నడిపారు. నారాయణగూడలో బాలానంద సంఘాన్ని నిలబెట్టారు. హైదరాబాద్‌లో ఆ తరం వాళ్లు ఎవరిని కదిపినా, సెలవు రోజు బాలానందం కోసం రేడియో దగ్గర చేరిన సంగతి చెబుతారు. కొందరు స్టూడియోలోకి వెళ్లి పాడిన సంగతి చెబుతారు. పాడిన పాట మరిచిపోయినా, తాము పాడినప్పుడు అన్నయ్య పక్కనే ఉన్న సంగతి మరిచిపోరు.

ఈ వ్యాసం రాస్తూ మాలో మేము ఒక విషయం మీద వాదించుకున్నాం. ఇప్పుడు ఎవరైనా ఫోన్ తీసి, తప్పులుంటే చెరిపేసి, నాలుగుసార్లు మళ్లీ తీసి, బాగా వచ్చినదే పంపిస్తున్నారు. అలా చేస్తే అవాంతరమే ఉండదు, అవాంతరం లేకపోతే ఈ మర్యాదలతో పనేముంది అని ఒకరన్నారు. ఇంకొకరు ఒప్పుకోలేదు. చెరిపేసిన ముక్కలో పిల్లాడు తడబడినప్పుడు పక్కనున్న పెద్దాయన ఏం చేశాడన్నది చూసేవాళ్లకి తెలియకపోవచ్చు, కానీ ఆ పిల్లాడికి తెలుస్తుంది కదా అన్నారు. మేము రెండోవాళ్ల వైపే మొగ్గాం. మొదటివాళ్లు ఇంకా ఒప్పుకోలేదు, ఆ వాదన మధ్యాహ్నం టిఫిన్ డబ్బాల దగ్గర ఇప్పటికీ నడుస్తోంది.

సూరత్ చుట్టుపక్కల తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పని మీద వచ్చి స్థిరపడిన కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. సచిన్ జీఐడీసీలో పవర్‌లూమ్‌ల మధ్య నడుస్తుంటే ఆ టకటకల్లోంచి ఒక్కోసారి తెలుగు మాట చెవిన పడుతుంది. మనం రెండేళ్లకో మూడేళ్లకో ఇక్కడి నుంచి వెళ్లిపోతాం, వాళ్లు ఇక్కడే ఉంటారు. ఆ ఇళ్లలో కొన్నిటిలో మన ఈడు పిల్లలకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. మొన్న ఈ వ్యాసంలో కొంత భాగం అలాంటి ఇద్దరు పిల్లలకి చదివి వినిపించాం. అన్నయ్య భార్య అక్కయ్య ఎలా అయిందన్న ప్రశ్న వాళ్లూ వేశారు.

రేడియో అక్కయ్య 1980లో కన్నుమూశారు. రేడియో అన్నయ్య 1984లో. మద్రాసు రోజుల్లో ఆయన కథ విన్న పిల్లలు పెద్దవాళ్లయి, వాళ్ల పిల్లలు హైదరాబాద్ కేంద్రంలో ఆయన కథే విన్నారు. తల్లికీ అన్నయ్యే, కొడుక్కీ అన్నయ్యే. వరసలు మళ్లీ కలగాపులగం అయిపోయాయి. డెబ్బై దాటి జుట్టు పూర్తిగా నెరిసినా, ఆయన్ని ఎవరూ తాతయ్య అని పిలవలేదు.